కరెంటు పోయిన సంగతి ఎవరు చెప్పాలి: లాగ్‌బుక్కా, ఆర్‌టీయూనా?

2023, తెలంగాణలో ఎన్నికల ఏడాది. వ్యవసాయానికి 24 గంటల కరెంటు వస్తోందా, రావట్లేదా అన్న లొల్లి ముదిరి సబ్‌స్టేషన్ గేటు దాకా వచ్చింది. ప్రతిపక్ష నాయకులు లోపలికి వెళ్లి లాగ్‌బుక్కులు తెరిపించారు. ఏ ఫీడర్‌కు, అంటే సబ్‌స్టేషన్ నుంచి ఊళ్లకు పోయే ఏ లైనుకు, ఎన్నింటికి కరెంటు ఇచ్చారో, ఎన్నింటికి తీశారో ఆపరేటర్ పెన్నుతో రాసిన పేజీలు టీవీల్లో కనబడ్డాయి. ఇదిగో రుజువని వీళ్లు, అదంతా రాజకీయమని వాళ్లు. రైతుకు తేలిందేమీ లేదు. అంత గొడవలోనూ నాకు వినబడని ప్రశ్న ఒకటుంది. సబ్‌స్టేషన్లను దూరం నుంచే చూసి నడిపే స్కాడా అనే కంప్యూటర్ వ్యవస్థ పెడుతున్నామని ఏళ్ల తరబడి చెప్పుకుంటున్నప్పుడు, ఫీడర్ ఎప్పుడు ఆగిందన్న చిన్న విషయానికి చేతిరాత పుస్తకాన్ని నమ్ముకోవాల్సిన ఖర్మ ఎందుకు?

స్కాడా అనగానే అందరి చూపూ కంట్రోల్ రూంలోని పెద్ద తెర మీద పడుతుంది. పెద్దమనుషులొస్తే ఫొటో దిగేది దాని ముందే. ఆ తెరకు సొంతంగా తెలిసింది మాత్రం ఏమీ ఉండదు. దానికి కబుర్లు మోసేది ఎక్కడో సబ్‌స్టేషన్ గదిలో ఓ మూలన నిలబెట్టిన ఇనుప ప్యానెల్. రిమోట్ టెర్మినల్ యూనిట్, వాడుకలో ఆర్‌టీయూ. తలుపు తీస్తే వరుసగా కార్డులు, కార్డు కార్డుకూ మిణుకు మిణుకుమనే చిన్న లైట్లు, కింద టెర్మినల్ బ్లాకులు, వాటిలోకి నంబర్ల గొట్టాలు తొడుక్కుని దూరిన వైర్లు, పక్కన మోడెమ్. బ్యాటరీతో నడుస్తుంది కాబట్టి స్టేషన్‌కు కరెంటు పోయినా కొన్ని గంటలు బతికే ఉంటుంది. అసలు దాని అవసరం మొదలయ్యేది కరెంటు పోయాకే.

బ్రేకర్ అంటే ఫీడర్‌కు కరెంటు ఇచ్చే, ఆపే పెద్ద స్విచ్చు; తెరిస్తే కరెంటు ఆగుతుంది, మూస్తే వస్తుంది. అది తెరిచి ఉందా, మూసి ఉందా అని చూడటం ఆర్‌టీయూ పని. ఫీడర్ మీద ఎన్ని ఆంపియర్లు, ఫీడర్లన్నీ కలిసే బస్‌బార్ మీద ఎన్ని కేవీ, ట్రాన్స్‌ఫార్మర్ మీద ఎన్ని మెగావాట్లు అన్నదీ కొలిచి పైకి పంపుతుంది. పైనుంచి ఆదేశం వస్తే బ్రేకర్‌ను తెరుస్తుంది, మూస్తుంది. అయితే ఆదేశం రాగానే ఎగబడదు. ముందు ఫలానా బ్రేకర్‌ను ఎంచుకున్నామని కంట్రోల్ రూం చెప్పాలి, అవును అదేనని ఆర్‌టీయూ తిరిగి చెప్పాలి, ఆ తర్వాతే అసలు ఆజ్ఞ. నాలుగు సెకన్ల పనికి ఇంత తతంగం ఎందుకంటే, పొరపాటున పక్క ఫీడర్‌ను మూస్తే అక్కడ స్తంభం మీద మనిషి ఉండొచ్చు.

చాలామంది పొరబడే సంగతి ఒకటి చెప్పాలి. లైను తెగి నేల మీద పడితే కరెంటు ఆపేది ఆర్‌టీయూ కాదు, రిలే, అంటే లైన్లో తేడాను పసిగట్టి బ్రేకర్‌ను తెరిపించే రక్షణ పరికరం. రిలే ఎవరినీ అడగదు, హైదరాబాద్‌కు ఫోన్ చేయదు. రెప్పపాటులో ట్రిప్ కొట్టించేస్తుంది. 50 దగ్గర ఉండాల్సిన గ్రిడ్ ఫ్రీక్వెన్సీ 49.4 హెర్ట్జ్‌కు పడిపోతే కొన్ని ఫీడర్లను తనంతట తానే కోసేసేది కూడా రిలేనే. జరిగింది జరిగినట్టు, జరిగిన టైంతో సహా పైకి చెప్పడం ఆర్‌టీయూ వంతు. సరైన గడియారం జతచేస్తే మిల్లీసెకను తేడాను కూడా పట్టుకుంటుంది. అందుకే నా లెక్కలో అది గ్రిడ్‌కు చెయ్యి కన్నా ముందు సాక్షి. మన దగ్గర దాన్ని కొనేటప్పుడు చేతి గురించే మాట్లాడుకుంటాం. సాక్ష్యం ఎవరికి అందుతోంది, ఎంత నమ్మొచ్చు అన్నది టెండర్ కాగితాల్లోనే ఉండిపోతుంది.

హైటెన్షన్ వైపు ఈ సాక్ష్యం విలువ ఎప్పుడో తెలిసొచ్చింది. ఉత్తర తెలంగాణనే తీసుకోండి. రామగుండంలో ఎన్టీపీసీ పాత ప్లాంటు 2,600 మెగావాట్లు, దాని పక్కనే కొత్త తెలంగాణ ప్లాంటు 1,600, జైపూర్‌లో సింగరేణిది 1,200, భూపాలపల్లి దగ్గర చెల్పూరులో కాకతీయ థర్మల్ 1,100. గోదావరి ఒడ్డున, బొగ్గు గనుల చుట్టూ 6,500 మెగావాట్ల సామర్థ్యం పోగైంది. అదే ప్రాంతంలో కాళేశ్వరం మోటార్లున్నాయి. లక్ష్మీపూర్ గాయత్రి పంప్‌హౌస్‌లో ఒక్కో మోటారు 139 మెగావాట్లు, అలాంటివి ఏడు. ఒక మోటారు స్టార్ట్ చేశారంటే ఒక పట్టణమంత లోడు ఒక్క ఊపున గ్రిడ్ మీద పడ్డట్టే. రాష్ట్ర గ్రిడ్‌ను నడిపే హైదరాబాద్‌లోని లోడ్ డిస్పాచ్ సెంటర్‌కు అది క్షణాల్లో కనబడాలి. ఫ్రీక్వెన్సీని 49.90 నుంచి 50.05 మధ్య ఉంచాలన్నది గ్రిడ్ నియమం. ఆ సన్నటి సందులో నడవాలంటే ఎవరు ఎంత ఇస్తున్నారో, ఎవరు ఎంత లాగుతున్నారో సెకన్ల మీద తెలియాలి. ఫోన్ చేసి అడిగి, రాసుకుని, కూడుకుని చేసే పని కాదది.

మనకు ఇదంతా మరీ పాత కథేం కాదు. 2012 జూలై 30, 31 తేదీల్లో ఉత్తర, తూర్పు, ఈశాన్య భారతం చీకటైనప్పుడు దక్షిణాది దీపాలు ఆరలేదు. మన ఇంజినీర్ల గొప్పతనం అనుకునేరు. అప్పటికి మన గ్రిడ్ విడిగా ఉంది, అంతే. రామగుండం నుంచి చంద్రాపూర్ వైపు ఇచ్చిపుచ్చుకోవడం కూడా భద్రావతిలో డీసీగా మార్చి, మళ్లీ ఏసీగా మార్చి జరిగేది. 2013 డిసెంబర్ 31న రాయచూర్–షోలాపూర్ 765 కేవీ లైనుతో దేశమంతా ఒకే గ్రిడ్ అయింది. ఇప్పుడు మహారాష్ట్రలోని వరోరా నుంచి 765 కేవీ లైను వరంగల్ మీదుగా కర్నూలు దాకా పోతోంది. ఎక్కడో జరిగిన తప్పు మన ఇంటికి రావడానికి దారి పడింది. ఎదుటివాడి బ్రేకర్ తెరిచి ఉందో మూసి ఉందో మనకు తెలియాల్సిన అవసరమూ అంతే పెరిగింది.

సాక్షి తప్పు చెబితే ఏమవుతుందో అమెరికాకు 2003 ఆగస్టు 14న తెలిసింది. ఆ రోజు దాదాపు 5 కోట్ల మంది చీకట్లోకి వెళ్లారు. ఒహాయోలో చెట్లకు తగిలి లైన్లు పడిపోయాయని, కంపెనీ అలారం సాఫ్ట్‌వేర్ మొరాయించిందని అందరూ చెప్పుకుంటారు. అది నిజమే. దానికి ముందు ఇంకోటి జరిగింది. ఇండియానాలో ఒక 230 కేవీ లైను ట్రిప్ అయింది. అది ఆగిన సంగతి ఆ ప్రాంతపు గ్రిడ్‌ను కాసే సంస్థ కంప్యూటర్‌కు ఆటోమేటిక్‌గా చేరే ఏర్పాటు లేదు. లైను నడుస్తోందనే అనుకుని కంప్యూటర్ లెక్క వేసింది, లెక్క కుదరలేదు. ఒక ఉద్యోగి ఐదు నిమిషాలకోసారి తనంతట తానే నడిచే ఆ లెక్కను ఆపి, తప్పు వెతికి సరిచేశాడు. మళ్లీ ఆన్ చేయడం మరిచి భోజనానికి పోయాడు. ఆ తర్వాతి గంటల్లో గ్రిడ్ కూలుతుంటే కాపలా కాయాల్సిన వాళ్లకు సరైన చిత్రం లేదు. ఇందులో విలన్ ఎవరూ లేరు. ఒక లైను స్థితిని మోసే ఒక్క సమాచారం లేదు, అంతే.

ఈ కథను మన 33/11 కేవీ సబ్‌స్టేషన్‌కు తెచ్చి చూస్తే ఇంకా సూటిగా అర్థమవుతుంది. బ్రేకర్ స్థితి ఆర్‌టీయూకు ఎలా తెలుస్తుంది? బ్రేకర్ మెకానిజంతో పాటు కదిలే చిన్న ఆగ్జిలరీ కాంటాక్టు వల్ల. పద్ధతిగా చేసినచోట రెండు కాంటాక్టులు పెడతారు. ఒకటి మూసి ఉన్నానంటుంది, ఇంకోటి తెరిచి ఉన్నానంటుంది. రెండూ ఒకేసారి అవునన్నా, రెండూ కాదన్నా తెర మీద అనుమానం గుర్తు పడుతుంది. అంతటి విలువైన కాంటాక్టు దుమ్ము పట్టి, తుప్పు పట్టి, బల్లి దూరి పనిచేయకపోతే? కార్డు బాగుంటుంది, మోడెమ్ బాగుంటుంది, ఆర్‌టీయూ ఆరోగ్యంగా ఉందని కంట్రోల్ రూంలో ఆకుపచ్చ లైటు వెలుగుతూనే ఉంటుంది. చెప్పేది మాత్రం అబద్ధం.

కొలతల సంగతీ అంతే. యాసంగి నాట్లకు మోటార్లు పెరిగాయి, ఫీడర్ లోడు పెరిగింది, కరెంటును కొలతకు వీలుగా తగ్గించి ఇచ్చే కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్, అంటే సీటీ, 200 ఆంపియర్లది తీసి 400ది పెట్టారు. ఫీల్డ్ పని బ్రహ్మాండంగా జరిగింది. కంట్రోల్ రూం డేటాబేస్‌లో పాత నిష్పత్తి అలాగే ఉండిపోతే ఆ రోజు నుంచి తెర మీద సగం లోడే కనబడుతుంది. వేడెక్కి మండే ఫీడర్ చల్లగా ఉన్నట్టు అనిపిస్తుంది. దీనికి కొత్త టెక్నాలజీ ఏమీ అక్కర్లేదు. సీటీ మార్చినవాడు ఒక ఫారం నింపాలి, డేటాబేస్ చూసేవాడు అంకె మార్చాలి, ఇద్దరూ ఫోన్లో కలిసి ప్యానెల్ మీటరూ తెరా ఒకటే చూపిస్తున్నాయా అని పోల్చుకోవాలి. ఇంజినీర్లు దాన్ని పాయింట్ టు పాయింట్ టెస్ట్ అంటారు. ప్రారంభోత్సవానికి ముందు ఒకసారి శ్రద్ధగా చేస్తారు. ఐదేళ్ల తర్వాత అదే శ్రద్ధ ఉండాలంటే దానికో మనిషి ఉండాలి, ఆ మనిషికి అదే పనై ఉండాలి.

అన్నిటికన్నా నన్ను విసిగించేది అలారాల్లో పిసినారితనం. ఫీడర్ ట్రిప్ అయినప్పుడు ఓవర్ కరెంటు (మోతాదు మించిన కరెంటు) వల్లనా, ఎర్త్ ఫాల్ట్ (కరెంటు నేలలోకి పోవడం) వల్లనా అన్నది రిలే దగ్గర విడిగా ఉంటుంది. ఆర్‌టీయూలో ఇన్‌పుట్లు మిగుల్చుకోవడానికి రెండూ కలిపి ఒకే వైరు మీద ట్రిప్ అని పంపితే పనైపోయిందనుకుంటారు. మన ఊళ్లలో దాని ఫలితం ఇలా ఉంటుంది. ఫీడర్ పోయింది, కాసేపటికి ఆపరేటర్ మళ్లీ వేశాడు. ఆ ఫీడర్ కింద వందల బోరు మోటార్లకు ఆటోస్టార్టర్లున్నాయి. కరెంటు రాగానే అన్నీ ఒక్కసారిగా లేస్తాయి. స్టార్టింగ్ కరెంటు ఎక్కువ కాబట్టి బ్రేకర్ మళ్లీ పడుతుంది. కంట్రోల్ రూంలో ఉన్నవాడికి కనబడేది రెండు ట్రిప్పులు. తీగ తెగి పొలంలో పడిందేమోనని భయపడాలా, మోటార్ల తాకిడేలే అని భాగాలుగా వేయించాలా? మొదటిది నిజమై రెండోది అనుకుంటే ఒక ప్రాణం పోతుంది. రెండోది నిజమై మొదటిది అనుకుంటే నాట్లేసిన మడి ఎండుతుంది. ఎర్త్ ఫాల్ట్‌కు విడిగా ఒక వైరు లాగి ఉంటే, ట్రిప్‌కు ముందూ వెనకా ఆంపియర్ల గ్రాఫ్ నిల్వ ఉండి ఉంటే, నిర్ణయం తేలిక. 2018 జనవరి 1 నుంచి 24 గంటల ఉచిత కరెంటు మొదలైనప్పుడు ఆటోస్టార్టర్లు తీసేయండని ప్రభుత్వం ఊరూరా చెప్పించింది. కరెంటు ఎప్పుడొస్తుందో, ఎప్పుడు పోతుందో తెలియని రైతు తీస్తాడా?

ములుగు జిల్లాలో ఏటూరునాగారం, తాడ్వాయి, మంగపేట వైపు వెళ్తే బొమ్మ ఇంకా మారుతుంది. అడవిలో మైళ్ల కొద్దీ పోయే ఒంటి ఫీడర్లు, ఒకచోట కొమ్మ విరిగితే చివరి గూడెం దాకా చీకటి. 2024 ఆగస్టు 31న మేడారం–తాడ్వాయి అడవిలో సుడిగాలికి వేలాది చెట్లు కూలాయి. అలాంటి చోట ఫాల్ట్ ఏ ముక్కలో ఉందో చెప్పే చిన్న ఆర్‌టీయూలు, ఫాల్ట్ ఇండికేటర్లు లైను మధ్యలో పెడితే లైన్‌మన్‌కు రాత్రంతా టార్చ్ పట్టుకుని నడిచే బాధ తప్పుతుంది. కాగితం మీద బాగానే ఉంది. కానీ ఆ పెట్టెలు మాట్లాడేది సెల్ సిగ్నల్ మీద. సెల్ టవర్ నడిచేది అదే ఫీడర్ కరెంటు మీద. టవర్ బ్యాటరీ అయిపోయాక ఆర్‌టీయూ కూడా మూగబోతుంది, సరిగ్గా దానితో పనిపడ్డ గంటలోనే. ఫైబర్ వేద్దామంటే అవే స్తంభాల మీద వేయాలి, స్తంభం పడితే రెండూ పడతాయి. 2023 జూలై చివర్లో మోరంచవాగు పొంగి మోరంచపల్లి మునిగినలాంటి వరదల్లో సబ్‌స్టేషన్ గదిలోకే నీళ్లొస్తే నేలకు అడుగు ఎత్తున పెట్టిన ప్యానెల్ ఏం చేయగలదు? అందుకని అడవి ఫీడర్లకు ఆర్‌టీయూలు వద్దనడం లేదు. రెండో దారిలేని కమ్యూనికేషన్‌తో పెట్టి అదే ఆటోమేషన్ అని లెక్క రాసుకోవద్దంటున్నా. జాతరప్పుడు మేడారంలో ఏం చేస్తారో చూడండి. జిల్లాల నుంచి సిబ్బందిని రప్పించి అడుగడుగునా నిలబెడతారు. పెట్టెకు మాట పోయే చోట మనిషే దిక్కని శాఖకు బాగా తెలుసు.

ఇక్కడే ఆపరేటర్ ఉద్యోగాల ప్రశ్న వస్తుంది. రిమోట్ కంట్రోల్ వచ్చింది కాబట్టి సబ్‌స్టేషన్‌లో మనిషి దండగ అనే వాదన అప్పుడప్పుడూ వినబడుతుంది. నేను ఒప్పుకోను, దానికి సెంటిమెంటు కారణం కాదు. లైన్‌మన్ స్తంభం ఎక్కే ముందు ఎల్‌సీ, అంటే లైను ఆపామన్న లైన్ క్లియర్ అనుమతి, తీసుకుంటాడు. ఆపరేటర్ బ్రేకర్ తెరిచి, పుస్తకంలో రాసి, ఎల్‌సీ ఇచ్చానని ఫోన్లో చెబుతాడు. లైన్‌మన్ లైను మీదుండే ఏబీ స్విచ్ తీసి, ఎర్త్ రాడ్ తగిలించి అప్పుడు ఎక్కుతాడు. పని అయ్యాక దిగి తిరిగి చెప్పేదాకా ఆ ఫీడర్ వేయకూడదు. ఈ గొలుసులో ఏ లంకె తెగినా శవం కిందికి దిగుతుంది. రిమోట్ వచ్చాక ఆ ఫీడర్‌ను వేయగలిగే చేతులు రెండవుతాయి, ఒకటి సబ్‌స్టేషన్‌లో, ఇంకోటి ఎక్కడో కంట్రోల్ రూంలో. తెర మీద ఆ బ్రేకర్‌కు ఎల్‌సీ ట్యాగ్ తగిలించాలి, ప్యానెల్ మీద లోకల్–రిమోట్ స్విచ్చును లోకల్‌కు తిప్పాలి, ఆ స్విచ్చు ఎటుందో కూడా ఆర్‌టీయూ పైకి చెప్పాలి. ఇవన్నీ చేసినప్పుడే రిమోట్ లైన్‌మన్‌కు రక్ష. చేయకపోతే పాత పద్ధతే నయం.

మనిషి ఎందుకు కావాలో ఉక్రెయిన్ ఇంకో రకంగా చూపించింది. 2015 డిసెంబర్ 23న హ్యాకర్లు అక్కడి మూడు పంపిణీ కంపెనీల కంట్రోల్ కంప్యూటర్లలోకి దూరి బ్రేకర్లు తెరిచేశారు. దాదాపు 2,25,000 మంది వినియోగదారులకు కరెంటు పోయింది. అంతటితో ఆగలేదు. సబ్‌స్టేషన్లతో మాట్లాడే కన్వర్టర్ల లోపలి సాఫ్ట్‌వేర్‌ను చెరిపేశారు, రిమోట్‌గా మళ్లీ వేసే దారి మూసుకుపోయింది. కొన్ని గంటల్లోనే కరెంటు తిరిగొచ్చిందంటే కారణం సిబ్బంది బండ్లెక్కి సబ్‌స్టేషన్లకు పోయి చేత్తో బ్రేకర్లు వేయడం. చేత్తో వేయడం వచ్చిన మనుషులు వాళ్లకు మిగిలి ఉన్నారు. మరుసటి ఏడాది కీవ్‌లో వాడిన మాల్‌వేర్ ఇంకో మెట్టెక్కి ఐఈసీ 104 లాంటి ఆర్‌టీయూల భాషే మాట్లాడింది. ఆ భాషను రాసిన రోజుల్లో ఆదేశం ఇచ్చేవాడు నిజంగా మనవాడేనా అని అడగడం అందులో పెట్టలేదు. మన ఆర్‌టీయూలూ అదే కుటుంబం భాషలు మాట్లాడతాయి. 2021 మార్చిలో చైనా హ్యాకర్ల ముప్పు ఉందని తెలంగాణ విద్యుత్ సంస్థలకు కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సెర్ట్–ఇన్ నుంచి హెచ్చరిక వచ్చింది కూడా. అంతకుముందు 2019లో తెలుగు రాష్ట్రాల డిస్కంల (విద్యుత్ పంపిణీ సంస్థల) మీద పడిన రాన్సమ్‌వేర్ (డబ్బు కోసం ఫైళ్లకు తాళం వేసే వైరస్) బిల్లింగ్, వెబ్‌సైట్ల వైపుది. ఈ రెండింటినీ కలిపి చూడకూడదు. బిల్లు ఆగితే రేపు కట్టుకోవచ్చు.

భద్రత పేరు చెప్పి ఈ సమాచారాన్నంతా గదిలో పెట్టి తాళం వేయాలనేవారూ ఉంటారు. ఆదేశాలు పోయే దారికి ఎన్ని తాళాలైనా వేయండి. నిన్న ఫలానా ఫీడర్ ఎన్ని నిమిషాలు ఆగిందన్నది మాత్రం రహస్యం కాదు, ఆ ఊరివాళ్లందరికీ అది ముందే తెలుసు. కేంద్రం 2020 డిసెంబర్‌లో తెచ్చిన విద్యుత్ వినియోగదారుల హక్కుల నియమాల్లో ఒక మాట ఉంది. దూరం నుంచి పర్యవేక్షించడానికి వీలున్న ప్రమాణాల్లో డిస్కం తప్పితే, వినియోగదారుడు దరఖాస్తు పెట్టకుండానే పరిహారం అందాలి. ఈ వాక్యం ఆర్‌టీయూ తలరాతనే మార్చేస్తుంది. ఫీడర్‌కు ఆర్‌టీయూ పెట్టిన క్షణం నుంచి ఆ ఫీడర్ అంతరాయాలు దూరం నుంచి పర్యవేక్షించదగినవే. అప్పుడు లాగ్‌బుక్కులో రాయని అరగంట కూడా ఎక్కడో నమోదై ఉంటుంది. కొన్నిచోట్ల ఉన్న పెట్టెలే సరిగా మాట్లాడకపోతే ఎవరికీ పెద్దగా తొందర ఉండదెందుకో అర్థం చేసుకోవడానికి ఇంతకన్నా క్లూ అక్కర్లేదు.

2000లో ఉమ్మడి రాష్ట్రంలో పంపిణీని నాలుగు కంపెనీలుగా చీల్చినప్పుడు ఉత్తర తెలంగాణకు వరంగల్ కేంద్రంగా ఎన్‌పీడీసీఎల్ వచ్చింది. దాని ఖర్చుల పిటిషన్ మీద విద్యుత్ నియంత్రణ కమిషన్ బహిరంగ విచారణ జరిపినప్పుడు రైతు సంఘాలు, పారిశ్రామికవేత్తలు, వినియోగదారులు వచ్చి మాట్లాడతారు. చార్జీల మీద, కాలిన ట్రాన్స్‌ఫార్మర్ల మీద బాగానే నిలదీస్తారు. స్కాడా పద్దు కింద పెట్టుబడి అడిగినప్పుడు మాత్రం అది ఇంజినీర్ల విషయమని వదిలేస్తారు. అక్కడ అడగాల్సినవి కష్టమైనవేం కావు. పెట్టిన ఆర్‌టీయూల్లో గత ఏడాది ఎన్ని మాట్లాడాయి, ఎన్నేసి గంటలు మాట్లాడాయి? చివరిసారి పాయింట్ టు పాయింట్ టెస్ట్ ఏ సబ్‌స్టేషన్‌లో ఏ తేదీన చేశారు? కమిషన్‌కు ఇచ్చిన అంతరాయాల లెక్క లాగ్‌బుక్కు నుంచి తీసిందా, ఆర్‌టీయూ నుంచి తీసిందా, రెండూ పక్కపక్కన పెడితే తేడా ఎంత? కొత్త ఆర్‌టీయూలకు డబ్బు అడిగే పట్టిక పక్కనే ఈ తేడాల పట్టికను ఫీడర్ల వారీగా పెట్టించమని, అది పెట్టేదాకా ఆ పద్దును ఆమోదించవద్దని కమిషన్‌ను కోరడానికి వినియోగదారుడికి లాయరు కూడా అక్కర్లేదు.